ఆ ఊపిరి ఎవరిది

నేను నర్సుగా చాలా ఏళ్ళు కాన్పుల వార్డులో పనిచేశాను. అక్కడ ఊపిరంటే ఏడుపు. పుట్టిన బిడ్డ కేర్‌మంటే అందరి ముఖాలూ విచ్చుకునేవి. ఏడవకపోతే నోరూ ముక్కూ తుడిచి, వీపు రుద్ది, ఏడిపించేదాకా ఊరుకునేవాళ్ళం కాదు. ఆ తర్వాత నన్ను ఐసీయూకి మార్చారు. అక్కడ ఎవరూ ఏడవరు. ఊపిరి తెరమీద గీతగా సాగుతుంది, గీత పక్కన అంకెలు మారుతుంటాయి. మొదట్లో నాకు మంచాల మీది మనుషులకంటే ఆ తెరలే ఎక్కువగా కనిపించాయి.

మా ఆసుపత్రి ఒంగోలు ఊరి చివర, పొగాకు గోదాములు దాటాక ఉంటుంది. పెద్దదేం కాదు. అప్పుడే కొత్తగా రెండు వెంటిలేటర్లు తెప్పించారు. బిగించడానికి వచ్చిన కంపెనీ అతను ఒక పూట ఉండి, చెప్పాల్సింది గబగబా ఇంగ్లీషులో చెప్పేసి, రైలు టైమైందని వెళ్ళిపోయాడు. నర్సులకు చివరికి మిగిలిన జ్ఞానం ఒక్కటే. అలారం మోగితే ఫలానా బటన్ నొక్కితే కాసేపు ఆగుతుంది, ఆలోపు డాక్టర్ని పిలవాలి. మిగతా వేటినీ ముట్టుకోవద్దని హెడ్ సిస్టర్ గట్టిగా చెప్పింది.

ముట్టుకోవద్దన్న వస్తువును చూస్తూ ఊరుకోవడం నాకు చిన్నప్పట్నుంచీ చేతకాదు. మా నాన్న పర్చూరు వైపు ఇతరుల పత్తి చేలల్లో మందు కొట్టే పనికి వెళ్ళేవాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చి ఆయన కునుకు తీస్తుంటే, కడిగి ఎండబెట్టిన స్ప్రేయరు విప్పి, లోపలి వాషరు ఎటువైపు తెరుచుకుంటుందో చూసేదాన్ని. ఆయన లేచాక తిట్లు తినేదాన్ని. మందు చేతికి అంటుకుంటుందని ఆయన భయం. నాకేమో గాలి ఒకవైపే పోయేలా ఎలా చేశారో తేలితేగాని నిద్రపట్టేది కాదు.

మా మత్తు డాక్టరు గారిది గుంటూరు. వాళ్ళ నాన్నగారికి అక్కడ సైకిళ్ళ షాపు ఉండేదట. అందరం ఆమెను మేడం అనేవాళ్ళం. ఐసీయూ బాధ్యత ఆమెదే. అది రంజాన్ ఉపవాసాల నెల. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళితే ఆమె మాత్రం ఐసీయూలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఒకరోజు నేను నా టిఫిన్ డబ్బా మూతపెట్టి, ఖాళీగా ఉన్న వెంటిలేటర్ దగ్గరికెళ్ళి, దాని గొట్టాల వెంబడి కళ్ళతోనే తిరుగుతున్నాను. ఆమె చూశారు. ఏం వెతుకుతున్నావని అడిగారు. గాలి ఎటునుంచి ఎటు పోతుందో తెలియడం లేదన్నాను. ఆమె లేచి వచ్చి, మిషన్ ఆపి, ఉన్న గొట్టాలన్నీ ఊడదీసి నా చేతిలో పెట్టారు.

"బిగించు. తప్పయితే అదే చెబుతుంది."

నేను బిగించాను. తప్పే అయింది. మిషన్ మొదటి పరీక్షలోనే ఎర్రలైటు వెలిగించి మొత్తుకుంది. అప్పుడామె వేలుపెట్టి చూపిస్తూ చెప్పారు. గోడలోంచి రెండు గొట్టాలు వస్తాయి, తెల్లదానిలో ఆక్సిజన్, నల్లదానిలో మామూలు గాలి. ఎంత పాళ్ళలో కలవాలో మనం చెబితే మిషన్ కలుపుతుంది. ఆ కలిసిన గాలి ఒక చిన్న నీళ్ళ డబ్బా మీదుగా పోతుంది. డబ్బా కింద వేడి పలక ఉంటుంది కాబట్టి గాలి వెచ్చగా, తేమగా అవుతుంది. ఆ పని మామూలుగా మన ముక్కు చేస్తుంది, గొట్టం వేసిన మనిషికి ముక్కుతో పనిలేదు కదా అన్నారు. అక్కణ్ణుంచి గాలి ఒక గొట్టంలో మనిషి దాకా వెళుతుంది, వదిలిన గాలి ఇంకో గొట్టంలో మిషన్‌కి తిరిగొస్తుంది. తిరిగొచ్చే దారి చివర ఒక వాల్వు. మనిషి ఊపిరి తీసుకునేటప్పుడు అది మూసుకుంటుంది, వదిలేటప్పుడు తెరుచుకుంటుంది. సైకిల్ ట్యూబులో పిన్ను లాంటిదే, కాకపోతే దీనికి టైము తెలుసు అన్నారామె. నేను మళ్ళీ బిగించాక, గొట్టాల చివర మనిషికి బదులు ఒక రబ్బరు సంచి తగిలించారు. అది ఉబ్బింది, చప్పబడింది, మళ్ళీ ఉబ్బింది. నేను సరిగ్గా బిగించిన మొదటి ఊపిరి ఆ సంచిది.

ఆ తర్వాత ప్రతి మధ్యాహ్నం నాకు పాఠమే. ఒక్కో నాబ్ గురించి అడిగేదాన్ని. నిమిషానికి ఎన్నిసార్లు, ఒక్కోసారికి ఎంత గాలి, ఎంత వేగంగా, వదిలాక ఊపిరితిత్తుల్లో ఎంత మిగలాలి. ఈ చివరిదాన్ని పీప్ అంటారు. గాలంతా బయటికి పోతే లోపలి చిన్న చిన్న సంచులు తడిసిన కవర్లలా అతుక్కుపోతాయట. అందుకని కొంచెం గాలి లోపలే ఆపుతారు. నాకు మాట అర్థమైంది గానీ సంగతి అర్థం కాలేదు. అప్పుడామె కొత్త మాస్కు ఒకటి తెచ్చి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నా ముఖానికి బిగించారు.

అంత వింత నేనెప్పుడూ ఎరగను. వదలబోతే ఎవరో అరచెయ్యి అడ్డంపెట్టినట్టుంది, పూర్తిగా వదల్లేకపోయాను. తీసుకుందామంటే మిషన్ ఇవ్వలేదు. నేను వద్దనుకున్నాక ఇచ్చింది. గాభరాపడి చెయ్యెత్తాను. ఆమె ఏదో తిప్పారు. ఈసారి నేను తీసుకోవాలని అనుకున్నానో లేదో గాలి వచ్చేసింది. మాస్కు తీశాక నా మొదటి ప్రశ్న అదే. మనిషి ఊపిరి తీసుకోబోతున్నాడని మిషన్‌కి ఎలా తెలుస్తుంది?

మనం తీసుకోబోయినప్పుడు గొట్టంలో ఒత్తిడి రవ్వంత పడిపోతుంది, ఆ పడిపోవడాన్ని అది కనిపెట్టుకుని ఉంటుంది అన్నారామె. దాన్ని ట్రిగ్గర్ అంటారు. ఎంత పడితే ఊపిరి ఇవ్వాలో మనమే పెడతాం. మిషన్ తనంతట తాను ఇచ్చిన ఊపిరికి తెరమీద ఏ గుర్తూ ఉండదు. మనిషి అడిగి తీసుకున్న ఊపిరికి మాత్రం గీత మొదట్లో చిన్న పచ్చ గుర్తు పడుతుంది. ఆ రోజు ఇంటికి వెళుతూ ఆటోలో కూడా నా ఊపిరి నేను గమనించుకుంటూనే ఉన్నాను.

ఆ వారంలోనే ఒక పేషెంటు వచ్చింది. ఒంగోలు నుంచి కొత్తపట్నం పోయే బస్సులో కండక్టరు. నలభై దాటిన మనిషి, గొంతు ఖంగుమంటుంది. రెండు రోజులుగా అరికాళ్ళు తిమ్మిరెక్కాయట, బస్సు మెట్టు ఎక్కడానికి కాలు లేవలేదట. మర్నాడు టిక్కెట్టు మిషన్ వేళ్ళలోంచి జారి పడిపోయింది. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున నరాల మీద తిరగబడే జబ్బు అది. కాళ్ళ దగ్గర మొదలై పైకి పాకుతుంది. మందులున్నాయి, చాలామంది కోలుకుంటారు, కానీ నెమ్మదిగా. పాకుతూ పాకుతూ ఛాతీ దాకా వస్తే ఊపిరి ఆడదు. తెలివి మాత్రం చెక్కుచెదరదు. అన్నీ వినిపిస్తాయి, అన్నీ తెలుస్తాయి.

ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలవో పెట్టమని మేడం ఆమెను అడుగుతుండేవారు. పొద్దున గడగడా లెక్కపెట్టిన మనిషి సాయంత్రానికి పది దాటలేకపోయింది. గొట్టం వేయాలని నిర్ణయించారు. మత్తు ఇవ్వబోయే ముందు ఆమె నన్ను కళ్ళతో దగ్గరికి పిలిచింది.

"సిస్టర్, గొట్టం వేశాక నేను మాట్లాడలేను గదా," అంది, మాటమాటకీ ఆగుతూ. "నాకు తెలియకుండా ఏం చేసినా నాకు భయం. ఏం చేస్తున్నారో అన్నీ నాకు చెప్పాల. నువ్వే చెప్పాల."

చెబుతానన్నాను.

మాట నిలబెట్టుకోవడం అనుకున్నంత కష్టం కాలేదు, పైగా నాకే ఉపయోగపడింది. ఆమె కాళ్ళూ చేతులూ కదలవు, ముఖంలో కూడా కదలిక తగ్గింది. రెప్పలు మాత్రం ఆమె మాట విన్నాయి. ఒకసారి మూస్తే అవును, రెండుసార్లు మూస్తే కాదు. మధ్యాహ్నం మేడం దగ్గర నేర్చుకున్నదంతా సాయంత్రం ఆమెకు తెలుగులో చెప్పేదాన్ని. ఇదిగో ఈ గొట్టంలోంచి నీకు గాలొస్తుంది, ఈ డబ్బాలో నీళ్ళు వెచ్చబడతాయి, నిమిషానికి పద్నాలుగుసార్లు పెట్టారు, నీకింకా పచ్చ గుర్తు పడలేదు, అది పడిన రోజు నువ్వు సొంతంగా అడిగినట్టు. చెప్పబోయి ఆగిపోయిన చోటే నాకు సరిగా అర్థం కాలేదని తెలిసేది. మర్నాడు మళ్ళీ మేడంని అడిగేదాన్ని. కండక్టరక్కకు అనుమానమొస్తే చూపు ఒక వస్తువు మీద నిలిపేది. ఇదా, ఇదా అంటూ నేను ఒక్కొక్కటే ముట్టుకునేదాన్ని. సరైనది ముట్టుకోగానే రెప్ప వాలేది.

ఆమె భర్త మిరపకాయల లారీ నడుపుతాడు. అది మిర్చి సీజను. గుంటూరు యార్డులో దించి నేరుగా ఆసుపత్రికి వచ్చేవాడు. అతను తలుపు తీస్తే చాలు, మాకు దగ్గు. చొక్కా నిండా ఘాటు. పైన గౌను తొడిగి, చేతులూ ముఖమూ కడిగించి లోపలికి పంపేవాళ్ళం. అతను మంచం పక్కన నిలబడి, ఆ రోజు ఏ రేటు పలికిందో, దారిలో ఎక్కడ భోంచేశాడో చెప్పి వెళ్ళేవాడు.

ఒక మధ్యాహ్నం డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు నన్ను గట్టిగా పిలిచాడు. తెరమీద పచ్చ గుర్తులు. ఒకటి కాదు, వరసగా. పద్నాలుగు అని పెట్టిన చోట ఇరవై దాటి చూపిస్తోంది. ఆమె ఊపిరి అడుగుతోంది. అందరం మంచం చుట్టూ చేరాం. ఫిజియోథెరపీ అమ్మాయి చప్పట్లు కొట్టింది. బయట కూర్చున్న భర్తకు ఎవరో చెప్పేశారు. అతను మాస్కయినా లేకుండా గుమ్మం దాకా వచ్చి, అక్కడే గోడకానుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

నేను ఆమె చెవి దగ్గర వంగి, "అక్కా, నువ్వే తీసుకుంటున్నావు, పచ్చ గుర్తులు పడుతున్నాయి," అన్నాను.

రెప్పలు రెండుసార్లు మూసింది.

విని ఉండదనుకున్నాను. మళ్ళీ చెప్పాను. మళ్ళీ రెండుసార్లు. కుర్ర డాక్టరు, ఆమె భయంలో ఉంది, కొత్తగా శ్వాస మొదలైనప్పుడు అలాగే ఉంటుంది అన్నాడు. అతను చెప్పిందీ సబబుగానే ఉంది. నిజంగా మొదలైతే ఆమెకేగా ముందు తెలిసేది అని నాకనిపించింది. కానీ మిషన్ అబద్ధమెందుకు చెబుతుంది? అడిగినట్టు చూపిస్తోందంటే గొట్టంలో ఒత్తిడి పడిపోతున్నట్టే. ఆమె లాగకపోతే మరెవరు లాగుతున్నారు?

అందరూ వెళ్ళాక తెర ముందు నిలబడ్డాను. గుర్తులు మరీ సమంగా పడుతున్నాయి, టిక్కుటిక్కుమని. జబ్బుపడి లేస్తున్న మనిషి అంత లెక్కగా ఊపిరి తీసుకుంటుందా? గొట్టాల మీద చెయ్యి వేశాను. ఊపిరి వదిలే గొట్టం మంచం అంచు దగ్గర కిందికి వేలాడుతోంది. ఆ వంపులో చెయ్యి పెడితే లోపల ఏదో గలగలా కదిలింది. పైకెత్తి లైటుకు పట్టి చూస్తే నీళ్ళు. వెచ్చటి తేమగాలి ఏసీ చల్లదనానికి నీరై వంపులో చేరింది. గాలి కదిలినప్పుడల్లా ఆ నీళ్ళు అటూ ఇటూ ఊగుతున్నాయి. ఊగినప్పుడల్లా ఒత్తిడి రవ్వంత పడుతోంది. మిషన్ పాపం అది మనిషే అనుకుంటోంది.

మేడంకి ఫోన్ చేసి చెప్పాను. ఆమె పై అంతస్తు నుంచి దిగి వచ్చి, నీళ్ళు పేషెంటు వైపు పోకుండా గొట్టాన్ని ఎలా పట్టుకోవాలో చూపించి, నా చేతే గొట్టం మధ్యలో ఇలాంటి నీళ్ళు పట్టడానికే ఉండే చిన్న డబ్బాలోకి వంపించారు. ఇద్దరం తెర చూస్తూ నిలబడ్డాం. పచ్చ గుర్తులు ఆగిపోయాయి. అంకె పద్నాలుగుకి వచ్చింది.

దేన్ని చూసి అనుమానం వచ్చిందని మేడం అడిగారు. ఆమె కాదంది మేడం అన్నాను. మేడం మంచం దగ్గరికి వెళ్ళి, నువ్వు చెప్పిందే నిజమమ్మా, అది గొట్టంలో నీళ్ళు అని చెప్పారు. ఆమె ఒకసారి కళ్ళు మూసి తెరిచింది. అంతమంది సంతోషించిన ఊపిరి నీళ్ళదని తేలింది.

భర్తకు చెప్పే పని నాకే పడింది. అతను మెట్ల దగ్గర ఎవరికో ఫోన్‌లో శుభవార్త చెబుతున్నాడు. ఫోన్ పెట్టేదాకా ఆగి, జరిగింది చెప్పాను. అతను ఫోన్ జేబులో పెట్టుకుని, "ఆవిడే కాదందా?" అని అడిగాడు. అవునన్నాను.

"అయితే కాదమ్మా. వచ్చినప్పుడు వచ్చిందని కూడా ఆవిడే చెబుద్ది."

అప్పట్నుంచి డ్యూటీ ఎక్కగానే గొట్టాల్లో నీళ్ళు చూడటం మా అందరికీ అలవాటైంది. వారాలు గడిచాయి. గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి గొట్టాన్ని నోట్లోంచి అక్కడికి మార్చారు. ఉపవాసాల నెల అయిపోయింది. ఎండలు ముదిరాయి, భర్త చొక్కాకి ఘాటు తగ్గింది. ఒక ఉదయం ఆమె ముఖం తుడుస్తూ, ఇప్పుడు చెవి వెనక తుడుస్తున్నాను అని అలవాటుగా చెబుతున్నాను. ఆమె చూపు నా మీద లేదు. తెరవైపు ఉంది. ఆమె పడుకున్న చోట నుంచి తెర సగమే కనిపిస్తుంది. నేను తిరిగి చూశాను. ఒక పచ్చ గుర్తు.

ముందు గొట్టాలు పట్టుకున్నాను. పొడిగా ఉన్నాయి. అప్పుడు ఆమెను చూశాను. రెప్పలు ఒకేసారి, నెమ్మదిగా, చాలాసేపు మూసింది.

తర్వాత ఎంతసేపు చూసినా ఇంకో గుర్తు పడలేదు. ఆ తర్వాత ఒకటి. చాలాసేపటికి వెంటవెంటనే రెండు. వాటికి ఏ లెక్కా లేదు. కాన్పుల వార్డు వదిలాక, ఒక ఊపిరి కోసం నేను అలా నోరు తెరుచుకుని నిలబడటం అదే మొదలు.

అక్కడినుంచి మిషన్ పని తగ్గిస్తూ పోయారు. ఆమె అడిగితే కాస్త సాయం తోస్తుంది, అంతే. మేడం ఆ సాయాన్ని రోజు రోజుకీ కొంచెం కొంచెంగా దించేవారు. ఎంత దించారో నేను ఆమెకు చెప్పేదాన్ని. చివరికి గొంతు గొట్టానికి మాట వచ్చే చిన్న మూత ఒకటి పెట్టారు. భర్త, మేడం, నేను చుట్టూ నిలబడ్డాం. ఆమె బొంగురు గొంతుతో, అయినా స్పష్టంగా అంది.

"ఆ ఏసీ కట్టెయ్యండి. చలి."

మేడం నవ్వాపుకోలేకపోయారు. ఇన్ని వారాలూ ఆమెకు మిషన్ గురించి అన్నీ చెప్పిన నాకు, చలేస్తోందా అని అడగాలని తోచనే లేదు. దుప్పటి తెచ్చి కప్పాను.

ఇక ఆమె మాటలకు అడ్డులేదు. నాకు అంకెలుగా తెలిసినవన్నీ ఆమెకు ఒంటితో తెలుసు. మొదట్లో గాలి మరీ దురుసుగా వచ్చేదట, పండగ రద్దీలో వెనకనుంచి జనం తోసినట్టు. ఒకరోజు ఎవరో ఏదో మార్చారు, అప్పట్నుంచి తీరిగ్గా వచ్చిందని చెప్పింది. మేడం గుర్తుచేసుకున్నారు, గాలి లోపలికి వెళ్ళే సమయాన్ని పెంచిన రోజది. ఆ నాబ్ పేరు నాకు తెలుసు, తెరమీద దాని గీత ఎలా మారుతుందో తెలుసు. అది తిప్పితే మనిషికి తీరిగ్గా ఉంటుందని ఆమె చెప్పేదాకా తెలియదు. ఒకటొకటిగా అన్నీ అడిగి తెలుసుకున్నాను. ఈసారి ఆమె నాకు చెప్పింది.

గొంతు రంధ్రం పూడి, మామూలు వార్డుకి మార్చాక, ఒక సాయంత్రం ఆమె మేడంని పట్టుకుంది. ఇంతకీ నేనెంత లాగితే మీ మిషన్‌కి తెలిసేది అని. రెండు సెంటీమీటర్లు అన్నారు మేడం. గాలిని సెంటీమీటర్లలో కొలవడమేంటని ఆమె వదల్లేదు. మేడం నన్ను కాంటీన్‌కి పంపి గ్లాసుడు మజ్జిగ, ఒక స్ట్రా తెప్పించారు. స్ట్రా గ్లాసులో పెట్టి, మజ్జిగ మట్టానికి పైన గోరుతో ఒక గుర్తు చూపించి, ఇంత పైకి లాగితే చాలు అన్నారు. ఆమె మంచం మీద వెనక్కి ఆనుకుని కూర్చుని, వంగి, స్ట్రా నోట్లో పెట్టుకుని లాగింది. మజ్జిగ గోరు గుర్తు దాకా వచ్చి నిలబడింది. ఆమె దాన్ని అక్కడే పట్టి ఉంచి, చూపు కిందికి దించి చూసి, వదిలేసింది.

"ఇంతేనా," అంది. "ఇంతదానికా అన్నాళ్ళు పట్టింది నాకు."

ఆమె మళ్ళీ స్ట్రా అందుకుని గ్లాసు ఖాళీ చేసింది.

ఆమె పట్టుకుని నడిచే ఫ్రేముతో ఇంటికి వెళ్ళింది. చాలా నెలలు డిపోలోనే కూర్చునే పని చేసింది. ఆ తర్వాత బస్సెక్కింది. ఈ మధ్య ఒక ఆదివారం సాయంత్రం కొత్తపట్నంలో చుట్టాలింటికి వెళ్ళడానికి నేను ఎక్కింది ఆమె బస్సే. కడ్డీకి ఆనుకుని నిలబడి టిక్కెట్లు కొడుతోంది. నడకలో ఇంకా కొంచెం తడబాటుంది, గొంతు మాత్రం బస్సు చివరి సీటు దాకా వినిపిస్తోంది. నన్ను చూసి పక్కన కూర్చున్న చేపలామెకు పరిచయం చేసింది. చేపలామె ఖాళీ గంపలు కాళ్ళ మధ్య పెట్టుకుని తీరం వైపు తిరిగి వెళుతోంది. మిషన్ ఊపిరి ఎలా ఇచ్చుద్దో, మనం అడిగినట్టు దానికెలా తెలుసుద్దో కండక్టరక్క ఆమెకు మొత్తం చెప్పింది, గొట్టంలో నీళ్ళతో సహా. ఎక్కడా తప్పులేదు.

చేపలామె అంతా విని, నావైపు తిరిగింది.

"మరి ఎక్కిళ్ళొస్తేనో?"

తనకు రాలేదంది కండక్టరక్క. నాకు తెలియదన్నాను, కనుక్కుని చెబుతానన్నాను. మర్నాడు డ్యూటీకి వెళ్ళగానే సంచి కూడా దించకుండా మేడం గది తలుపు తట్టాను. ఎక్కిళ్ళకు కూడా మిషన్ ఊపిరి ఇస్తుందట. ఒక్కో ఎక్కిలికీ ఒక్కో ఊపిరి.